హత్షెప్సుత్ పేరును ఎందుకు చెక్కేశారు?

1829లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ నైలు నది పడమటి గట్టున, దెయిర్ ఎల్-బహరి శిథిలాల్లో ఒక గోడ ముందు నిలబడి తికమకపడ్డాడు. అంతకు ఏడేళ్ల ముందే చిత్రలిపి గుట్టు విప్పి, ఎన్నో శతాబ్దాలుగా ఎవరికీ అర్థంకాని ఈజిప్టు రాతలను మళ్లీ చదివించిన మనిషి ఆయన. ఆ గోడ మీద ఒక రాజు కనిపిస్తున్నాడు. తల మీద కిరీటం, చుబుకానికి కట్టుడు గడ్డం, నడుముకు ఫరోలు కట్టే పొట్టి వస్త్రం, అన్నీ ఉన్నాయి. పక్కనున్న రాతలో మాత్రం ఆ రాజుకు సంబంధించిన నామవాచకాలు, క్రియలు స్త్రీలింగంలో ఉన్నాయి. చరిత్రలో ఎంతో పేరున్న మూడవ థుత్మోస్ ఈ అపరిచిత రాజుకు ముందు స్థానం వదిలి వెనక నిలబడి ఉన్నాడు. షాంపోలియన్ దగ్గరున్న రాజుల జాబితాల్లో ఈ పేరు ఎక్కడా లేదు.

ఆ రాజు పేరు హత్షెప్సుత్. క్రీ.పూ. 15వ శతాబ్దంలో, సుమారు 1479 నుంచి 1458 దాకా ఈజిప్టును నడిపిన మహిళ. ఆమె చనిపోయిన తరువాత ఆమె పేరును, రూపాన్ని గోడల మీద నుంచి ఉలితో చెక్కి తీసేశారు. విగ్రహాలను పగలగొట్టి గోతుల్లో పడేశారు. ఈ పని చేయించింది మూడవ థుత్మోస్. ఆమెకు సవతి కొడుకు, వరసకు మేనల్లుడు కూడా. ఎందుకు చేయించాడన్న ప్రశ్నకు చరిత్రకారులు చాలాకాలం ఒకే జవాబు చెప్పారు: పగ. సింహాసనం లాక్కున్న సవతి తల్లి, ఇరవై ఏళ్లు పళ్లు నూరుతూ కాచుకున్న కొడుకు, ఆమె కన్ను మూయగానే తీర్చుకున్న కసి. వినడానికి ఈ కథ రక్తి కడుతుంది గానీ, రాళ్ల మీద మిగిలిన సాక్ష్యానికి దీనికి పొంతన కుదరదు. ఆ సాక్ష్యాన్ని వరసగా చూస్తే హత్షెప్సుత్ గురించే కాక, ఈజిప్టులో రాజరికం అంటే ఏమిటన్నది కూడా తెలుస్తుంది.

ఆమె మొదటి థుత్మోస్‌కు, పట్టపురాణి అహ్మోస్‌కు పుట్టిన కూతురు. రాజకుటుంబపు ఆచారం ప్రకారం సవతి సోదరుడైన రెండవ థుత్మోస్‌ను పెళ్లాడింది. వారికి నెఫెరూరె అనే ఆడపిల్ల పుట్టింది, మగబిడ్డ లేడు. రెండవ థుత్మోస్‌కు ఐసెట్ అనే మరో భార్య వల్ల ఒక కొడుకు కలిగాడు. తండ్రి చనిపోయేనాటికి ఆ కొడుకు పసివాడు. పసివాడి పేరున పట్టాభిషేకం జరిగింది, పాలన హత్షెప్సుత్ చేతికి వచ్చింది. ఆ రాజుల కొలువులో పెద్ద ఉద్యోగి అయిన ఇనేని తన సమాధి గోడ మీద ఈ సంగతి దాపరికం లేకుండా రాయించుకున్నాడు. రాజు స్వర్గానికి వెళ్లాడు, కొడుకు ఆయన స్థానంలో నిలిచాడు, రాజు సోదరి, దేవుని భార్య హత్షెప్సుత్ దేశ వ్యవహారాలు చక్కబెట్టింది అని ఆ రాత సారాంశం.

ఇందులో ఆనాటి వారికి వింత ఏమీ లేదు. కొడుకు ఎదిగేదాకా తల్లి రాజ్యం చూసుకోవడం ఈజిప్టుకు అలవాటైన పద్ధతే. ఆ వంశపు తొలి రాజు (ఆయన పేరూ అహ్మోసే) తన తల్లి అహ్హోతెప్ సైనికులను కూడగట్టి దేశాన్ని నిలబెట్టిందని కర్నాక్ దేవాలయంలోని శిలాశాసనంలో పొగిడాడు. ఇనేని వాడిన "దేవుని భార్య" అన్న బిరుదు కూడా వట్టి గౌరవ నామం కాదు. అమున్ దేవుడికి సంబంధించిన ఆ పదవికి భూములు, ఆదాయం, ఉద్యోగులు ఉండేవి. అంటే భర్త పోయేనాటికే హత్షెప్సుత్ చేతిలో దేశంలోని అతి పెద్ద దేవాలయ వ్యవస్థతో ముడిపడిన సొంత బలం ఉంది.

వింత ఆ తరువాత జరిగింది. కొన్నేళ్లకు ఆమె రాజప్రతినిధిగా ఆగిపోకుండా తానే రాజు అయింది. ఎప్పుడన్నదానికి ఒక మట్టికూజా సాక్ష్యం చెబుతుంది. ఆమె కొలువులో ముఖ్యుడైన సెనెన్‌ముత్ తల్లిదండ్రుల సమాధి 1930ల మధ్యలో చెక్కుచెదరకుండా బయటపడింది. అందులోని కూజాల్లో ఒకదాని మీద ఏడవ పాలనా సంవత్సరం తేదీ ఉంది. కొన్నిటి మీద "దేవుని భార్య హత్షెప్సుత్" ముద్ర, మరికొన్నిటి మీద "మాత్కరె" అన్న ముద్ర కనిపించాయి. మాత్కరె ఆమె సింహాసన నామం. మాత్ అంటే సత్యం, ధర్మం, లోకాన్ని నిలబెట్టే క్రమం. కాబట్టి ఏడవ ఏడు నాటికి ఆమె రాజనామం ధరించింది.

ఆ "ఏడవ సంవత్సరం" ఎవరి పాలనలోది అన్నది గమనించాలి. అది మూడవ థుత్మోస్ గద్దెనెక్కిన నాటి నుంచి లెక్క. హత్షెప్సుత్ తనకంటూ కొత్త లెక్క మొదలుపెట్టలేదు. పిల్లవాడిని తప్పించలేదు, అతని పట్టాభిషేకాన్ని రద్దు చేయలేదు. ఇద్దరు రాజులు ఒకే కాలమానం కింద ఉన్నారు, వారిలో ఆమె పెద్ద. సినాయ్‌లో దొరికిన 20వ పాలనా సంవత్సరపు శిల మీద ఇద్దరూ పక్కపక్కన దేవతలకు నివేదన చేస్తూ కనిపిస్తారు. సింహాసనం లాక్కున్న వాళ్లు సాధారణంగా హక్కుదారుడిని బతకనివ్వరు, బతకనిచ్చినా సైన్యం దగ్గరికి రానివ్వరు. థుత్మోస్ యువకుడై సైనిక విద్యలో ఆరితేరాడు. ఆమె పోయిన కొద్ది నెలలకే మహాసైన్యాన్ని నడపగలిగాడంటే, ఆ అనుభవం ఆమె బతికుండగానే సంపాదించి ఉండాలి.

రాజు కావడం అంటే ఈజిప్టు భాషలోనే ఒక చిక్కు ఉంది. మనం "రాణి" అనే అర్థంలో చదివే మాటకు అక్కడ అసలు అర్థం "రాజు భార్య". సొంతంగా ఏలే స్త్రీకి వేరే పదం లేదు. ఏలాలంటే "రాజు" కావాల్సిందే. రాజు అంటే హోరస్ దేవుడి రూపం, రే దేవుడి కొడుకు. దేవతలకూ మనుషులకూ నడుమ నిలిచి, నైలు వరద నుంచి ధాన్యపు గాదెల దాకా లోకం సక్రమంగా నడిచేలా చూసే పదవి. ఆ పదవికి బొమ్మలో ఒక స్థిరమైన రూపం ఉంది: కట్టుడు గడ్డం, పొట్టి వస్త్రం, కిరీటం.

హత్షెప్సుత్ ఆ రూపంలోకి ఒక్కసారిగా దూకలేదు. తొలినాటి శిల్పాల్లో ఆడవారి పొడవాటి దుస్తుల మీదే రాజచిహ్నాలు కనిపిస్తాయి. తరువాత స్త్రీ శరీరం మీద రాజు తలపాగా వచ్చింది. చివరికి విశాలమైన భుజాలు, గడ్డంతో పూర్తిగా పురుష రాజు రూపం స్థిరపడింది. దీన్ని చాలా మంది మగవేషం అంటారు. ఆ మాట పొరపాటు, ఎందుకంటే వేషం వేసేది ఎదుటివారి కళ్లు కప్పడానికి. బొమ్మలో గడ్డం ఉన్నా రాతలో "రే కుమార్తె" అని, "ఆమె" అని చెక్కించుకున్న మనిషి ఎవరి కళ్లూ కప్పలేదు. స్త్రీలింగానికి గుర్తుగా చివర వచ్చే "త్" అక్షరాన్ని చిన్న రొట్టె ఆకారంలో చెక్కుతారు. ఆ రొట్టె గుర్తు ఆమె బిరుదుల పక్కన పదే పదే కనిపిస్తుంది. బొమ్మ పదవిని చూపింది, రాత మనిషిని చెప్పింది.

పదవికి హక్కు ఎలా వచ్చిందో చెప్పడానికి ఆమె దెయిర్ ఎల్-బహరి గుడి గోడ మీద తన పుట్టుక కథను చెక్కించింది. అమున్ దేవుడు మొదటి థుత్మోస్ రూపంలో రాణి అహ్మోస్ దగ్గరికి వస్తాడు. ఆయన పరిమళానికి ఆమె మేలుకుంటుంది. కుమ్మరి దేవుడు ఖ్నుమ్ తన సారె మీద బిడ్డను, ఆ బిడ్డ ప్రాణశక్తిని రెండు బొమ్మలుగా మలుస్తాడు. ఆ రెండు బొమ్మలూ మగపిల్లల రూపంలోనే ఉన్నాయి. రాజు దైవాంశతో పుడతాడన్న నమ్మకం తెలుగు పాఠకులకు కొత్త కాదు కాబట్టి ఈ కథ తీరు తేలికగానే అర్థమవుతుంది. ఇది ఆమె కోసం కల్పించిన ప్రచారం అని కొట్టిపారేసేవారు ఒక విషయం మరిచిపోతారు. సుమారు వందేళ్ల తరువాత మూడవ అమెన్‌హోతెప్ తన పుట్టుకను లక్సర్ గుడిలో దాదాపు ఇదే వరసలో చెక్కించుకున్నాడు. ఆయన హక్కును ఎవరూ ప్రశ్నించలేదు, అయినా ఆ కథ ఆయనకు కావలసి వచ్చింది.

ఆ గుడి గురించి కొంచెం నిలబడి చెప్పుకోవాలి. నిట్టనిలువు సున్నపురాయి కొండ పాదాన, ఒకదాని వెనక ఒకటిగా పైకి లేచే మూడు వేదికలు, వాటిని కలిపే ఏటవాలు దారులు, ప్రతి వేదిక ముఖానా బారులు తీరిన స్తంభాలు. కొండను తొలిచి గుడిలో కలుపుకున్నట్టు కాక, కొండే మెట్లుమెట్లుగా దిగివచ్చి గుడి అయినట్టు ఉంటుంది. పక్కనే అంతకు ఐదు శతాబ్దాల ముందు మెంతుహోతెప్ రాజు కట్టించిన గుడి ఉంది. వేదికలు, స్తంభాల ఆలోచన అక్కడి నుంచే వచ్చింది, కానీ ఆ పాత కట్టడంలో లేని తూకం, వెడల్పు దీనికి ఉన్నాయి. ఆమె పెట్టిన పేరు "జెసెర్-జెసెరు". పవిత్రమైనవాటిలో అతి పవిత్రమైనది అని అర్థం. ఇప్పటి పేరు దెయిర్ ఎల్-బహరి అంటే అరబ్బీలో "ఉత్తరపు మఠం", తరువాతి కాలంలో అక్కడ వెలసిన క్రైస్తవ సన్యాసుల మఠం వల్ల వచ్చింది. ఏటా ఒక పండుగనాడు కర్నాక్ నుంచి అమున్ దేవుడి ఉత్సవమూర్తిని పడవలో నది దాటించి ఇక్కడికి ఊరేగింపుగా తెచ్చేవారు. గుడి గర్భాలయం ఆ దేవుడిదే. హాథోర్, అనుబిస్ దేవతలకు కూడా ఇక్కడే వేర్వేరు ఆలయాలున్నాయి.

రెండవ వేదిక మీద, జన్మకథకు ఎదురు వైపున, పుంట్ ప్రయాణం చెక్కి ఉంది. ప్రాచీన ప్రపంచం మనకు వదిలిన సముద్రయాన చిత్రాల్లో ఇంత వివరమైనవి అరుదు. తొమ్మిదవ ఏట ఐదు ఓడలు ఎర్ర సముద్రం మీదుగా దక్షిణానికి వెళ్లాయి. పుంట్ ఆఫ్రికా తూర్పు కొమ్ము వైపు, ఇప్పటి ఎరిత్రియా చుట్టుపక్కల ఉండేదని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. గుంజల మీద కట్టిన గుడిసెలు, ఎక్కడానికి నిచ్చెనలు, నీడనిచ్చే చెట్లు గోడ మీద కనిపిస్తాయి. పుంట్ నాయకుడు పరాహు, అతని భారీకాయురాలైన భార్య అతి, ఆమెను మోసే గాడిద పేరుపేరునా ఉన్నారు. ఓడల కింద నీటిలో ఈదే చేపలను ఎంత శ్రద్ధగా చెక్కారంటే, అవి ఎర్ర సముద్రపు ఏ జాతివో ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఎవరో చెప్పగా విని చెక్కిన పని ఇది కాదు. బయలుదేరిన వారిలో బొమ్మలు గీసేవాడు కనీసం ఒకడైనా ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఓడలు బంగారం, ఏనుగు దంతం, నల్లచేవ కలప, చిరుతపులి చర్మాలు, కోతులు తెచ్చాయి. అన్నిటికంటే విలువైన సరుకు బోళం, అంటే ఒక చెట్టు నుంచి కారే సువాసన జిగురు. దేవాలయాల్లో రోజూ ధూపం వేయాలి, శవసంస్కారానికీ సుగంధ ద్రవ్యాలు కావాలి. ఆ సరుకు నడుమనున్న వ్యాపారుల చేతులు మారి వచ్చేసరికి ధర ఆకాశాన్ని అంటేది. హత్షెప్సుత్ జిగురు తెప్పించి ఊరుకోలేదు. బోళం మొక్కలనే వేళ్లతో సహా బుట్టల్లో పెట్టి, కావడి కర్రలకు కట్టి మోయించి తెప్పించింది. 31 చెట్లు అని రాతల్లో లెక్క ఉంది. పరదేశం నుంచి చెట్లను బతికుండగా తెచ్చి నాటే ప్రయత్నాల్లో మనకు తెలిసిన తొలి వాటిలో ఇదొకటి. వచ్చిన బోళం రాశులను కొలుస్తున్న దృశ్యం కూడా గోడ మీద ఉంది. ఆ వరసలోనే మూడవ థుత్మోస్ అమున్ దేవుడి పడవకు ధూపం సమర్పిస్తూ కనిపిస్తాడు. పగ కథ చెప్పేవారు ఈ బొమ్మ దగ్గర ఆగరు.

కర్నాక్‌లో ఆమె నిలిపిన ఒబెలిస్కులు మరో సాహసం. ఒబెలిస్కు అంటే పైకి పోయేకొద్దీ సన్నబడి, కొసన పిరమిడ్ ఆకారంలో ముగిసే ఏకశిలా స్తంభం. అస్వాన్ గనుల్లో ఎర్ర గ్రానైటును ఇనుప పనిముట్లు లేని కాలంలో, గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి తొలిచారు. రెండు స్తంభాలను ఏడు నెలల్లో గని నుంచి వేరు చేశామని వాటి మీదే రాసి ఉంది. వాటిలో ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. ఎత్తు 29 మీటర్లకు పైగా, బరువు 300 టన్నులకు పైగా. ఈజిప్టులో నేడు నిలిచి ఉన్న పురాతన ఒబెలిస్కుల్లో అదే ఎత్తైనది. రెండోది విరిగిపోయింది, దాని కొస కర్నాక్ పవిత్ర సరస్సు పక్కన పడుకుని ఉంది. ఇలాంటి మరో జతను పెద్ద పడవ మీద పెట్టి, మూడు వరసల పడవలు లాగుకొస్తున్న దృశ్యం దెయిర్ ఎల్-బహరిలో చెక్కి ఉంది. నిలబడి ఉన్న స్తంభం పీఠం మీద, రాబోయే ఏళ్లలో తన కట్టడాలను చూసిన జనం ఏమనుకుంటారో, తాను చేసిన పని గురించి ఏమి చెప్పుకుంటారో అని మనసు అటూ ఇటూ ఊగుతోందని ఆమె రాయించింది. ఫరోల శాసనాల్లో ఇలాంటి బెరుకు చాలా అరుదు. విజయాలు, వరాలు, దేవతల మెప్పులతో నిండే ఆ శాసనాల నడుమ ఈ ఒక్క వాక్యం దగ్గర ఒక మనిషి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

ఆమె పాలనను శాంతియుగంగా చూపించే అలవాటు కూడా ఉంది. ఆడ మనిషి కాబట్టి కట్టడాలు, వ్యాపారం. మగవాడు కాబట్టి థుత్మోస్‌కు యుద్ధాలు అన్న పంపకం అది. అస్వాన్ దగ్గర సెహెల్ ద్వీపంలో తియ్ అనే కోశాధికారి రాతి మీద చెక్కించిన మాటలు దీన్ని ఒప్పుకోవు. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా మీద దండయాత్రలో ఆమెను అనుసరించి వెళ్లానని, శత్రువులపై ఆమె సాధించిన విజయాన్ని కళ్లారా చూశానని అతడు చెప్పుకున్నాడు. ఆమె కాలంలో పెద్ద దండయాత్రలు తక్కువన్నది నిజం. అందుకు ఆమె స్వభావం కారణమా, ఆనాటి సరిహద్దుల పరిస్థితి కారణమా అన్నది తేల్చకుండా "శాంతిమూర్తి" బిరుదు కట్టబెట్టడం చరిత్ర కాదు.

సెనెన్‌ముత్ గురించి రెండు మాటలు చాలు. మామూలు కుటుంబంలో పుట్టి అమున్ ఆస్తుల పెద్ద అధికారిగా, నెఫెరూరెకు గురువుగా ఎదిగిన వాడు. పసి రాకుమార్తెను ఒడిలో పెట్టుకున్న అతని విగ్రహాలు ఎంతో ముద్దుగా ఉంటాయి. ఈజిప్టులో దొరికిన తొలి ఖగోళ చిత్రపటం అతని సమాధి పైకప్పు మీదే ఉంది. అతడికీ హత్షెప్సుత్‌కూ ఉన్న సంబంధం గురించి పుట్టిన ఊహలకు లెక్కలేదు. మగ రాజు కింద సమర్థుడైన మంత్రి ఉంటే అది రాజు గొప్పతనంగా, ఆడ రాజు కింద ఉంటే ప్రేమకథగా మారడం మన కాలపు చరిత్రకారుల లోపం.

22వ పాలనా సంవత్సరంలో ఆమె కథ ముగిసింది. మూడవ థుత్మోస్ ఒంటరి రాజై, వెంటనే సైన్యంతో కనాను వైపు కదిలి మెగిద్దో దగ్గర శత్రు కూటమిని ఓడించాడు. తరువాత రెండు దశాబ్దాల్లో మొత్తం 17 దండయాత్రలు చేసి, ఈజిప్టు సరిహద్దులను అంతకు ముందెన్నడూ లేనంత దూరం జరిపాడు. ఆమె నింపిన ఖజానా, ఆమె నడిపిన ఉద్యోగ వ్యవస్థ అతనికి ఆస్తిగా దక్కాయి.

ఇక చెక్కివేత సంగతి. మొదట చూడాల్సింది తేదీ. 1960ల నుంచి కర్నాక్ గోడల మీద ఏ పొర ముందు, ఏ పొర తరువాత అన్నది పరిశీలించిన పండితులు, ఈ పని థుత్మోస్ పాలనలో 42వ ఏడు ప్రాంతంలో గానీ ఆ తరువాత గానీ మొదలైందని చూపించారు. అంటే ఆమె పోయిన దాదాపు ఇరవై ఏళ్లకు. చేతిలో తిరుగులేని అధికారం ఉన్న రాజు పగ తీర్చుకోవడానికి ఇరవై ఏళ్లు ఆగడు. కోపం మొదటి రోజునే ఉలి పట్టిస్తుంది. ఈ ఒక్క తేదీతోనే పాత కథ వెన్ను విరిగింది.

రెండోది ఎంపిక. ఆమెను రాజుగా చూపిన బొమ్మలను, రాజనామాలను వెతికి వెతికి చెక్కి తీసేశారు. రాజు భార్యగా, దేవుని భార్యగా, రాజప్రతినిధిగా ఉన్నచోట చాలావరకు వదిలేశారు. పేరు చెరిగితే పరలోకంలో బతుకే ఉండదని నమ్మిన సమాజంలో, ద్వేషించిన మనిషి పేరును ఏదో ఒక రూపంలో మిగల్చడం కుదరదు. హత్షెప్సుత్ అనే మనిషిని మిగిల్చారు, మాత్కరె అనే రాజును తీసేశారు. ఖాళీ అయిన చోట చాలాసార్లు మొదటి, రెండవ థుత్మోస్‌ల పేర్లు చేర్చారు. ఆ పేర్ల పక్కన వాక్యంలో "ఆమె" అని చెప్పే రొట్టె గుర్తు ఎన్నోచోట్ల అలాగే ఉండిపోయింది. షాంపోలియన్ తికమకకు ఒక కారణం ఇదే. చెక్కిన చోట కూడా చుట్టూ ఉన్న రాతిని వదిలి లోపలి రూపాన్నే తొలచడం వల్ల ఆమె ఆకారం నీడలా నిలిచింది.

మూడోది విగ్రహాలు. 1920లలో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున విన్‌లాక్ బృందం దెయిర్ ఎల్-బహరి ముందున్న గోతుల్లో తవ్వి వేలాది ముక్కలు బయటికి తీసింది. వాటిని కలిపి నిలబెట్టిన విగ్రహాలు ఇప్పుడు న్యూయార్కు, కైరో మ్యూజియాల్లో ఉన్నాయి. ఏడు టన్నులకు పైగా బరువున్న గ్రానైటు స్ఫింక్స్ (సింహం ఒడలు, మనిషి తల ఉన్న విగ్రహం) కూడా వాటిలో ఉంది. ముక్కల గుట్టను చూసినవారికి వెంటనే ఆవేశం, విధ్వంసం గుర్తుకొచ్చాయి. ఆనాటి తవ్వకాల ఫొటోలను, రాతపత్రాలను మళ్లీ వడపోసి 2025లో వెలువడిన ఒక పరిశోధన వేరే చిత్రం చూపింది. చాలా విగ్రహాలను మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిచారు. ఎన్నో ముఖాలు దెబ్బ తినకుండా ఉన్నాయి. ఈజిప్టులో ఇతర రాజుల పాత విగ్రహాలను కూడా ఇదే తీరులో విరిచి, వాటిలో ఉందని నమ్మే శక్తిని తొలగించి, పాతిపెట్టేవారు. కొన్ని ముక్కలు తరువాతి కాలంలో రాయి కోసం మళ్లీ వాడుకోవడం వల్ల దెబ్బతిన్నాయి. చెక్కివేత జరగలేదని దీని అర్థం కాదు. ఆమె పేరును తీసేసే పని రాజాజ్ఞతో, ఒక పథకం ప్రకారం నడిచింది. కానీ ఆ పనిలో ఉన్మాదం కంటే విధివిధానం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇదంతా ఆమె ఆడది కావడం వల్లే జరిగిందా? సగమే నిజం అనిపిస్తుంది. హత్షెప్సుత్‌కు మూడు శతాబ్దాల ముందు, 12వ వంశం చివర సోబెక్‌నెఫెరు అనే మహిళ నాలుగేళ్లకు కాస్త తక్కువగా రాజుగా ఏలింది. మూడవ థుత్మోస్ స్వయంగా కర్నాక్ ఉత్సవ మందిరంలో చెక్కించిన పూర్వరాజుల జాబితాలో ఆమె పేరు ఉంది. ఆ జాబితా ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అంటే ఆడ రాజు పేరు రాతి మీద ఉండటం థుత్మోస్‌కు అసహ్యం కాదు. సోబెక్‌నెఫెరు వంశంలో మగ వారసుడు లేనప్పుడు వచ్చి, వంశంతో పాటు వెళ్లిపోయింది. హత్షెప్సుత్ మగ వారసుడు ఎదురుగా ఉండగా రాజైంది, పైగా దేశాన్ని సంపన్నం చేసి, పెద్ద పెద్ద కట్టడాలు నిలిపి, సాఫల్యంతో వెళ్లింది. రాబోయే తరాల్లో మరో రాజకుమార్తెకు ఆమె ఒక ఉదాహరణ కాగలదు.

థుత్మోస్ వృద్ధుడవుతున్న కాలంలోనే ఈ పని మొదలైందన్నది కారణాన్ని సూచిస్తుంది. అప్పటికి అతని కొడుకు రెండవ అమెన్‌హోతెప్ వారసుడిగా ఎదుగుతున్నాడు. అతడి తల్లి హత్షెప్సుత్ రక్తసంబంధీకురాలు కాదు. అహ్మోస్ రాణి నుంచి దిగిన శాఖలో ఇంకా ఎవరైనా హక్కు అడిగే అవకాశం ఉంటే, మొదటి థుత్మోస్ నుంచి రెండు, మూడు, ఆపై రెండవ అమెన్‌హోతెప్ అంటూ తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వరస రాతి మీద తిరుగులేకుండా కనపడాలి. నడుమ హత్షెప్సుత్ ఉంటే ఆ వరస తెగుతుంది. అమెన్‌హోతెప్ పాలనలోనూ ఈ చెక్కివేత కొంత సాగింది. ఆ తరువాత "దేవుని భార్య" పదవి కూడా చాలాకాలం మసకబారింది. ఈ మూడు సంగతులనూ కలిపి చూసినప్పుడు వారసత్వ రాజకీయమే బలమైన వివరణగా తోస్తుంది. చేసిన అన్యాయం దీనివల్ల తగ్గదు. కోపంతో కాక చల్లని లెక్కతో ఒక పాలనను చరిత్ర నుంచి తీసేయడం, ఒకరకంగా కోపం కంటే బరువైన సంగతి.

సుమారు రెండు శతాబ్దాల తరువాత మొదటి సేతి అబైడోస్ గుడిలో చెక్కించిన రాజుల జాబితాలో ఆమె లేదు. అయితే క్రీ.పూ. 3వ శతాబ్దపు ఈజిప్టు పూజారి మనేతో రాసిన చరిత్రలో, ఆ వంశంలో ఒక రాజు సోదరి 21 ఏళ్ల తొమ్మిది నెలలు ఏలిందని ఉంది. ఆ మాట యూదు చరిత్రకారుడు జోసెఫస్ రచన ద్వారా మనకు చేరింది. పేరు కొంత మారినా, కాలం ఆమె పాలనకు ఎంతో దగ్గరగా ఉంది. గోడల మీద లేని లెక్క ఆలయాల పత్రాల్లో పన్నెండు వందల ఏళ్లు బతికింది.

ఆమె దేహం విషయం ఇంతకంటే చిక్కుగా ఉంది. రాజుల లోయలోని ఆమె సమాధిని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో బ్రిటిష్ పురావస్తు పండితుడు హోవార్డ్ కార్టర్ శుభ్రం చేయించాడు. రెండు వందల మీటర్లకు పైగా మెలికలు తిరుగుతూ భూమిలోకి దిగే ఆ సొరంగం చివర రెండు రాతి శవపేటికలు దొరికాయి. ఒకటి ఆమెది, ఒకటి ఆమె తండ్రి కోసం మార్చి చెక్కించినది. రెండూ ఖాళీ. 2007లో ఈజిప్టు అధికారులు పక్క సమాధిలోని ఒక మమ్మీ ఆమెదే అని ప్రకటించారు. ఆమె పేరున్న చిన్న పెట్టెలో దొరికిన పన్ను ఆ మమ్మీ దవడకు సరిపోయిందన్నది ఆధారం. ఆ పంటి వేళ్ల లెక్క కుదరదని కొందరు నిపుణులు అభ్యంతరం చెప్పారు. ఈ వివాదం తేలేదాకా ఆమె ఒడ్డు పొడుగు, జబ్బుల గురించి ప్రచారంలో ఉన్న మాటలను నమ్మకంగా చెప్పడం సరికాదు.

దెయిర్ ఎల్-బహరిలో 1961 నుంచి పోలెండు పురావస్తు బృందం పడిపోయిన రాళ్లను ఒక్కొక్కటిగా గుర్తించి గోడల్లోకి చేరుస్తూ వస్తోంది. నదికి అవతల కర్నాక్‌లో అలాంటి పనే మరొకటి జరిగింది. హత్షెప్సుత్ చివరి ఏళ్లలో అమున్ దేవుడి పడవ కోసం ఎర్రటి రాతితో కట్టించిన మందిరాన్ని ఆమె తరువాత విప్పేశారు. ఆ రాళ్లను తరువాతి రాజులు తమ కట్టడాల్లో నింపుడు రాయిగా వాడుకున్నారు. విప్పి దాచినట్టు పడి ఉండటం వల్ల వాటిలో ఎక్కువ భాగం ఉలి దెబ్బ తినలేదు. దొరికిన మూడు వందలకు పైగా రాళ్లను గత శతాబ్దం చివర మళ్లీ పేర్చి, కర్నాక్ ఆరుబయటి మ్యూజియంలో మందిరాన్ని నిలబెట్టారు. దాని గోడల మీద దేవుడి పడవ వెనక ఇద్దరు రాజులు నడుస్తూ ఉంటారు. ఒకే ఎత్తు, ఒకే కిరీటం, ఒకే దుస్తులు. ముందున్నది హత్షెప్సుత్, వెనకున్నది థుత్మోస్ అని తెలియాలంటే పక్కనున్న పేర్లు చదవాలి.